బాలల అరకూ పెద్దల అరకూ మధ్య: తెలుగు పౌర గ్రంథాలయాల్లో కౌమార పాఠకుల పుస్తక సేకరణ – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు పౌర గ్రంథాలయాల్లో బాలల విభాగం ఉంది, పెద్దల విభాగం ఉంది. సుమారు 13 నుంచి 18 ఏళ్ళ వయసు గల పాఠకులకు మాత్రం ప్రత్యేకమైన పుస్తక సేకరణ ఒక సంప్రదాయంగా ఏర్పడలేదు. ఈ లోటుకు గల కారణాలను గ్రంథాలయోద్యమ చరిత్రలో, గ్రంథాలయ చట్టాల అమలులో, తెలుగు ప్రచురణ రంగపు పరిణామాల్లో ఈ వ్యాసం వెదుకుతుంది. కౌమార పాఠకులకు తగిన సాహిత్యం తెలుగులో లేకపోవడం ఈ లోటుకు ప్రధాన కారణం కాదని, 1980ల తరువాత వచ్చిన దళిత, ముస్లిం, స్త్రీ, గిరిజన, ప్రాంతీయ రచనల్లో ఆ సాహిత్యం గణనీయంగా ఉందని, దానిని ఈ వయసు వారి పఠనంగా గుర్తించే ఎంపిక జరగకపోవడమే అసలు కారణమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్రంథాలయోద్యమం, కౌమార పాఠకులు, పుస్తక ఎంపిక, వైవిధ్యం, అస్తిత్వ సాహిత్యం, అద్దె పుస్తకాల దుకాణాలు.

1. ప్రవేశిక

గ్రంథాలయంలో ఏ పుస్తకాలున్నాయన్న ప్రశ్న వెనుక ఎవరిని పాఠకులుగా భావించారన్న ప్రశ్న దాగి ఉంటుంది. ప్రతి పాఠకునికీ తనదైన పుస్తకం అందాలన్న సూత్రాన్ని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో ఒకటిగా నిలిపారు. ఈ సూత్రం ఆచరణలోకి రావాలంటే పాఠకుడు ఎవరో ముందుగా గుర్తించాలి. గుర్తింపు పొందని పాఠకునికి పుస్తకం ఎంపిక చేసే బాధ్యత ఎవరికీ ఉండదు.

కౌమార పాఠకులను ప్రత్యేక వర్గంగా గుర్తించే పద్ధతి గ్రంథాలయ రంగంలో మొదట బలపడింది అమెరికాలో. అక్కడి గ్రంథాలయ సంఘం 1957లో ఈ వయసు వారి సేవల కోసం ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచింది. అయితే అర ఏర్పడినంత మాత్రాన అందులో అందరి జీవితాలూ చేరవని అక్కడి అనుభవమే చెబుతుంది. 1962 నుంచి 1964 వరకు వెలువడిన 5,206 బాలల పుస్తకాలను నాన్సీ లారిక్ పరిశీలించి, వాటిలో నల్లజాతి వారు ఏదో ఒక రూపంలో కనిపించినవి 6.7 శాతమేనని 1965లో వెల్లడించారు. పుస్తకం పాఠకునికి తన ముఖం చూపే అద్దంగా, ఇతరుల జీవితం చూపే కిటికీగా, ఆ జీవితంలోకి అడుగుపెట్టనిచ్చే తలుపుగా పనిచేస్తుందని రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో వివరించారు.

ఈ భావనను తెలుగు సందర్భానికి యథాతథంగా అన్వయించడం సరికాదు. తెలుగు నేల మీద గ్రంథాలయం పుట్టిన తీరు వేరు, ఇక్కడి సామాజిక విభజనల స్వభావం వేరు. అయినా ఎవరి ముఖం ఏ అద్దంలో కనిపించిందన్న ప్రశ్న ఇక్కడ కూడా అడగదగినదే.

2. పేరు లేని వయసు

కౌమారం అనే మాట తెలుగులో శాస్త్ర గ్రంథాలకు, పాఠ్యపుస్తకాలకు పరిమితమైంది. వాడుకలో ఈ దశకు స్థిరమైన పేరు లేదు. నూనూగు మీసాల వయసు అన్నప్పుడు అది మగపిల్లలనే సూచిస్తుంది. ఆడపిల్ల విషయంలో పెద్దమనిషి అయిందని అంటారు. ఆ మాట ప్రకారం బాల్యం ఒకనాటితో ముగిసి, మరునాటి నుంచి పెద్దరికం మొదలవుతుంది. మధ్యలో ఒక దశ ఉన్నట్లు భాష చెప్పదు. ఈ మార్పు ఆడపిల్ల రాకపోకల మీద ఆంక్షలతో ముడిపడి ఉండటం వల్ల, సరిగ్గా చదువరితనం విస్తరించే వయసులోనే వీధి, బజారు, గ్రంథాలయం ఆమెకు దూరమయ్యే పరిస్థితి ఏర్పడింది. కాబట్టి తెలుగులో కౌమార పాఠకుల చరిత్ర అన్నప్పుడు బాలురకు, బాలికలకు ఒకే చరిత్ర ఉందని భావించరాదు.

సంస్థల పరిభాషలో కూడా ఇదే అస్పష్టత ఉంది. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారాన్ని, 2011 నుంచి యువ పురస్కారాన్ని ఇస్తోంది. బాల అన్న మాట మొదటి దానిలో పాఠకుల వయసును సూచిస్తుంది. యువ అన్న మాట రెండవ దానిలో 35 ఏళ్ళ లోపు రచయితల వయసును సూచిస్తుంది. అంటే బాలలు చదివేవారుగా, యువతరం రాసేవారుగా గుర్తింపు పొందారు. యువ పాఠకులు అనే వర్గానికి ఈ రెండింటిలోనూ చోటు లేదు. చక్రపాణి నెలకొల్పిన ‘యువ’ మాసపత్రిక కూడా వయోజన పాఠకుల కథల పత్రికగానే ప్రసిద్ధి చెందింది. పేరు లేనిచోట అర ఏర్పడటం కష్టమని ఈ ఉదాహరణలు సూచిస్తున్నాయి.

3. గ్రంథాలయోద్యమం: యువకుల శ్రమ, ఉమ్మడి అర

తెలుగు గ్రంథాలయోద్యమంలో యువకులు మొదటి నుంచీ ఉన్నారు. 1901లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు తదితరుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. పాలనలోనూ ఉన్నత విద్యలోనూ ఉర్దూ ప్రధానంగా ఉన్న నిజాం రాజ్యంలో తెలుగు విద్యార్థికి మాతృభాషా గ్రంథం చేతికందడమే ఒక విశేషం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. ఆ పరిస్థితిలో తెలుగు పుస్తకాల అర మొత్తం ఒక అద్దంగా పనిచేసింది. వైవిధ్యం అనే భావనకు అన్ని కాలాల్లో ఒకే కొలత ఉండదని దీనివల్ల గ్రహించవచ్చు. 1901 నాటి హైదరాబాదులో లోటు తెలుగు. ఆ లోటు కొంత తీరిన తరువాతనే ఎవరి తెలుగు, ఎవరి జీవితం అన్న ప్రశ్నలకు అవకాశం కలిగింది.

1906లో ప్రారంభమైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చరిత్ర, శాస్త్రం, జీవిత చరిత్రలు ప్రచురించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర ఆ మండలి తొలి ప్రచురణ. చదువుకుంటున్న యువకుడు లోకజ్ఞానం సంపాదించి దేశసేవకు సిద్ధం కావాలన్నది ఈ ప్రచురణల వెనుక ఉన్న ఆశయం. బానిసత్వాన్ని రద్దు చేసిన నాయకుని జీవితం తొలి గ్రంథం కావడం గమనించదగినది. దూరదేశపు వివక్షను చూపే కిటికీ ముందుగా తెరుచుకుంది. తన ఊరి వాడను చూపే పుస్తకం తెలుగు అర మీదికి రావడానికి మరికొంత కాలం పట్టింది.

1914 ఏప్రిల్ 10న విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య తదితరుల కృషితో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆవిర్భావానికి ఈ సభ కారణమైంది. మూడేళ్ళ తరువాత, 1917లో, అదే విజయవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగి, ఆది ఆంధ్ర అనే పేరును ముందుకు తెచ్చింది. ఒక సభ పుస్తకాన్ని ఊరూరికీ చేర్చాలని సంకల్పించింది. మరొక సభ ఊరిలో తమ స్థానాన్ని, తమ పేరును తామే నిర్ణయించుకోవాలని సంకల్పించింది. చిలకమర్తి స్వయంగా రాజమండ్రిలో దళితుల కోసం పాఠశాల నడిపిన సంస్కర్త. వ్యక్తుల స్థాయిలో ఈ రెండు ఆశయాలకు సంబంధం ఉన్నా, గ్రంథాల ఎంపిక అనే పనిలో అవి కలిసి నడవలేదు. ఉద్యమకారులు ప్రధానంగా పట్టించుకున్నది పుస్తకాన్ని చేర్చడం. ఏ పుస్తకం అన్న ప్రశ్నకు దేశాభిమానం, సంఘ సంస్కరణ, విజ్ఞానం అనే ఉమ్మడి సమాధానాలు అప్పటికి సరిపోయాయి.

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వెలువడి ప్రభుత్వ నిషేధానికి గురైన చరిత్ర ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. దానిని సాధారణంగా జాతీయోద్యమ నవలగా, దళిత జీవితాన్ని విస్తృతంగా చిత్రించిన తొలి నవలల్లో ఒకటిగా చర్చిస్తారు. అయితే అందులో సంగదాసు, రామానాయుడు అనే ఇద్దరు యువకుల స్నేహం ఉంది. కులం ఆ స్నేహానికి అడ్డు నిలవడం, సంగదాసు ప్రాణం పోవడం ఉన్నాయి. ఊరికీ వాడకూ మధ్య సాగిన ఆ స్నేహాన్ని పదిహేనేళ్ళ పాఠకుడు తన వయసు కథగా చదవగలడు. నవలను ఆ వైపు నుంచి పరిచయం చేసే అర మాత్రం లేదు. 

పుస్తకాన్ని చేర్చడంలో ఉద్యమం చూపిన చొరవ అసాధారణం. పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి ప్రాంతపు కాలువల మీద పడవ గ్రంథాలయాలు నడిపారు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊళ్ళు తిరిగారు. ఆళ్వారుస్వామి జీవితం కౌమార పాఠకుల చరిత్రకు ఒక ముఖ్యమైన ఆధారం. పేదరికంలో పుట్టి, ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ, తరువాత హోటల్లో పనిచేస్తూ ఆయన చదువు సంపాదించుకున్నారు. బడి లేని వయసులో పుస్తకమే ఆయనకు బడి. పనిచేసే పిల్లవాడు కూడా పాఠకుడే అన్న సత్యానికి ఇంతకంటే బలమైన నిదర్శనం అక్కరలేదు. అయినా గ్రంథాలయ వ్యవస్థ తరువాతి కాలంలో కౌమార పాఠకుడిని ఊహించినప్పుడు, బడికి వెళ్ళే విద్యార్థి రూపంలోనే ఎక్కువగా ఊహించింది.

4. చట్టం, పన్ను, జాబితా

1948 మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం, 1955 హైదరాబాదు పౌర గ్రంథాలయ చట్టం, వాటి స్థానంలో వచ్చిన 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం – ఈ మూడు దశల్లో ఉద్యమం ప్రభుత్వ వ్యవస్థగా మారింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను వాటికి ప్రధాన ఆధారమైంది. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో బదిలీ చేయకపోవడం రెండు రాష్ట్రాల్లోనూ చిరకాలంగా వినిపిస్తున్న సమస్య. నిధులు ఆలస్యమైనప్పుడు వార్తాపత్రికల చందాలు, నిర్వహణ ఖర్చులు ముందు నిలుస్తాయి, పుస్తకాల కొనుగోలు వెనుకపడుతుంది.

చట్టం వల్ల శాఖా గ్రంథాలయాలు విస్తరించాయి. అదే సమయంలో ఎంపిక కేంద్రీకృతమైంది. ప్రచురణకర్తలు పంపిన పుస్తకాల నుంచి ఒక సంఘం జాబితా రూపొందించడం, ఆ జాబితా నుంచి జిల్లాలకు కొనుగోలు చేయడం ప్రధాన పద్ధతిగా స్థిరపడింది. 1972లో ఏర్పడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం సహాయం కూడా ఎంపిక జాబితాల మీదనే ఆధారపడి నడిచింది. ఈ పద్ధతికి ఒక సౌలభ్యం ఉంది: మారుమూల శాఖకు కూడా కొత్త పుస్తకం చేరుతుంది. ఒక పరిమితి కూడా ఉంది: దరఖాస్తు చేసే స్తోమత, తగ్గింపు ధరకు వందల ప్రతులు ఇచ్చే శక్తి ఉన్న ప్రచురణకర్తలకే ఇది ఎక్కువ అనుకూలం. రచయిత సొంత ఖర్చుతో అయిదువందల ప్రతులు అచ్చువేసిన పుస్తకం ఈ దారిలో వెనుకబడుతుంది. 1980ల తరువాత వచ్చిన అస్తిత్వ సాహిత్యంలో పెద్ద భాగం చిన్న ప్రచురణ సంస్థల నుంచి, రచయితల సొంత ప్రచురణల నుంచి వచ్చిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

వర్గీకరణ పద్ధతి కూడా ఈ విషయంలో తటస్థంగా లేదు. డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. ఆ పద్ధతిని అనుసరించే గ్రంథాలయంలో చారిత్రక నవల, డిటెక్టివ్ నవల, పల్లె బాల్యాన్ని చెప్పే కథల సంపుటి ఒకే సంఖ్య కింద రచయిత పేరు అక్షరక్రమంలో నిలుస్తాయి. బాలల పుస్తకాలను విడదీసి ఒక గదిలోనో మూలలోనో ఉంచుతారు. బాలల గది నుంచి బయటికి వచ్చిన పదమూడేళ్ళ పాఠకునికి ఎదురయ్యేది వేల పుస్తకాల వరుస. అందులో తనకు ఏది పనికివస్తుందో చెప్పే సూచన ఏదీ ఉండదు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ వయసు వారు కనిపిస్తారు. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పోటీలకు ఉన్నత పాఠశాలల విద్యార్థులను తీసుకువస్తారు. కొన్నేళ్ళ తరువాత వారిలో కొందరు గ్రూప్స్ పరీక్షల అభ్యర్థులుగా అదే గ్రంథాలయానికి తిరిగి వస్తారు. హైదరాబాదులోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మొదలు జిల్లా కేంద్రాల వరకు పఠన మందిరాలు ఈనాడు నిండి ఉన్నది ఈ అభ్యర్థులతోనే. ఉద్యోగాల కోసం వారు పడే శ్రమను తక్కువ చేయవలసిన పని లేదు. పేద కుటుంబాల యువతకు ఉచితంగా కూర్చొని చదువుకునే చోటు ఇవ్వడం గ్రంథాలయ ధర్మమే. కాని తెలుగు గ్రంథాలయం ఈ తరాన్ని రెండుసార్లూ పోటీదారుగానే ఆహ్వానించింది. ఆ రెండు సందర్భాల మధ్య ఉన్న అయిదారేళ్ళలో పాఠకునిగా ఆహ్వానించిన సందర్భం అరుదు.

5. గ్రంథాలయం వెలుపలి చదువు

వ్యవస్థ గుర్తించకపోయినా ఈ వయసు వారు చదవడం మానలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను, చక్రపాణి, నాగిరెడ్డి 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించారు. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో చందమామ సరళమైన, బిగువైన వచనాన్ని లక్షల మంది పిల్లలకు అలవాటు చేసింది. దాని కథలు ఎక్కువగా కాలం, ఊరు తెలియని రాజ్యాల్లో నడుస్తాయి. తన వీధి, తన బడి, తన ఇంటి కష్టం పుస్తకంలో కనబడాలని కోరుకునే వయసు వచ్చేసరికి పాఠకుడు ఆ రాజ్యాలను దాటుతాడు.

దాటిన తరువాత అతడు చేరిన చోటు అద్దె పుస్తకాల దుకాణం. కొవ్వలి, జంపన నవలలతో మొదలై, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు, యద్దనపూడి సులోచనారాణి నవలలు, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి రచనల వరకు కొన్ని దశాబ్దాల పాటు తెలుగు కౌమారానికి ఆచరణలో గ్రంథాలయం ఆ దుకాణమే. రోజుకు కొద్ది పైసల అద్దె, ఇంటికి తీసుకుపోయే వీలు, ఏమి చదువుతున్నావని అడగని దుకాణదారు – ఈ మూడు సౌకర్యాలు దాని ఆదరణకు కారణాలు. ముఖ్యంగా బయటికి వెళ్ళడానికి ఆంక్షలున్న బాలికలకు తమ్ముడి చేతనో, పక్కింటి వారి చేతనో తెప్పించుకున్న నవల ఒక స్వేచ్ఛనిచ్చింది. ఈ పఠనాన్ని కాలక్షేపమని సాహిత్య చరిత్ర పక్కన పెట్టింది. గ్రంథాలయ చరిత్ర దృష్టితో చూస్తే ఇది పాఠకులు తమకు తామే కూర్చుకున్న సేకరణ. అందులో వేగం, ప్రేమ, భయం ఉన్నాయి. వాడ, తండా, గూడెం, దర్గా వీధి మాత్రం అరుదుగా కనిపిస్తాయి.

మరొక దారి సోవియట్ పుస్తకాలది. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వేంకటేశ్వరరావు వంటి అనువాదకుల చేతుల మీదుగా మాస్కోలో తయారైన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా చౌకగా అందాయి. 1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్, అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం ‘ఏడుతరాలు’గా ప్రచురించింది. పెద్దల నవలను కుదించి, సరళమైన తెలుగులో, తక్కువ ధరకు అందించిన ఈ ప్రయత్నం యువ పాఠకులను విస్తృతంగా ఆకర్షించింది. విజ్ఞాన చంద్రికా మండలి తొలి గ్రంథంలాగే ఇది కూడా అమెరికా బానిసత్వాన్ని గురించినదే. అయితే ఇక్కడ కథ విముక్తి ఇచ్చిన నాయకునిది కాక, బానిసత్వం అనుభవించిన కుటుంబానిది. ఈ దృష్టి మార్పు తెలుగు సాహిత్యంలో రాబోతున్న మార్పుకు సమాంతరంగా ఉంది.

6. 1985 తరువాత: వచ్చిన పుస్తకాలు, చేరని అర

1985 కారంచేడు, 1991 చుండూరు ఘటనల తరువాత దళిత సాహిత్యం, అదే కాలంలో స్త్రీవాద సాహిత్యం, 1990ల చివర ముస్లింవాద సాహిత్యం తెలుగు రచన స్వరూపాన్ని మార్చాయి. ‘నీలి మేఘాలు’, ‘చిక్కనవుతున్న పాట’, ‘జల్‌జలా’ వంటి కవితా సంకలనాల మీద విశ్వవిద్యాలయాల్లో విస్తృత పరిశోధన జరిగింది. ఆ పరిశోధన ప్రధానంగా అస్తిత్వం, ధిక్కారం, భాష అనే అంశాల చుట్టూ సాగింది. ఈ సాహిత్యంలో బాల్య కౌమారాలు ఎంత ప్రధానంగా ఉన్నాయన్న విషయం మీద తగినంత దృష్టి పడలేదు.

ఉదాహరణలు పరిశీలిస్తే ఈ ప్రాధాన్యం స్పష్టమవుతుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ చిత్తూరు మాండలికంలో పల్లె బాల్యాన్ని చెప్పాయి. ఆయనే రాసిన ‘ఇస్కూలు పిలకాయల కత’, ‘చదువులా చావులా?’ చదువు పేరుతో పిల్లల మీద పడే ఒత్తిడిని నేరుగా ప్రశ్నించాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, ‘పోలేరమ్మ బండ కతలు’ నెల్లూరు ప్రాంతపు దిగువ మధ్యతరగతి ముస్లిం బాలుని ఇంటిని, వీధిని, బడిని హాస్యంతో చూపాయి. కడప ప్రాంతపు ముస్లిం జీవితాన్ని వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ చిత్రించింది. గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ కథల్లో తెలంగాణ మాదిగ వాడలోని పిల్లల అనుభవం కేంద్రంగా ఉంది. వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ రైల్వే కొలువును ఆధారం చేసుకొని చదువుకు చేరిన మాదిగ కుటుంబం మూడు తరాల చరిత్ర. ఓల్గా ‘రాజకీయ కథలు’ ఆడపిల్ల శరీరం మీద కుటుంబం పెట్టే నియంత్రణను పరిశీలించాయి. రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ బంజారా తండా జీవితాన్ని ఆ సమాజపు యువ రచయిత చూపుతో చెప్పింది.

ఈ పుస్తకాలు ఏవీ కౌమార సాహిత్యమనే పేరుతో రాలేదు. వయోజన పాఠకులను, పత్రికా పాఠకులను ఉద్దేశించి వచ్చాయి. అయితే బడిలో ఎదురైన అవమానం, స్నేహం, ఆకలి, తొలి సంపాదన, ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య ఘర్షణ వీటిలోని ప్రధాన అంశాలు. ఇవి పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో ప్రతి పాఠకునికీ ఎదురయ్యే ప్రశ్నలు. కాబట్టి ఈ రచనలను కౌమార పాఠకుల సేకరణకు మూలస్తంభాలుగా పరిగణించవచ్చు.

ఈ దిశలో స్పృహతో జరిగిన ప్రయత్నం హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో వెలువరించిన ‘డిఫరెంట్ టేల్స్’ పరంపర. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో వచ్చిన ఈ పుస్తకాల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ తదితరుల కథలు ఉన్నాయి. బాలల పుస్తకాల్లో సాధారణంగా కనిపించే మధ్యతరగతి ఇంటికి భిన్నమైన ఇళ్ళు, వంటలు, పనులు ఇందులో కథలయ్యాయి. మంచి పుస్తకం సంస్థ, తానాతో కలిసి చేపట్టిన బాలల నవలల ప్రచురణ విదేశాల్లోని తెలుగువారి తోడ్పాటుతో సాగుతున్న మరొక కృషి. ఇవి సంస్థల ప్రయత్నాలు. పౌర గ్రంథాలయ వ్యవస్థ వీటిని ఒక సేకరణ విధానంగా స్వీకరించలేదు.

గిరిజన భాషల విషయంలో లోటు మరింత లోతైనది. 2000ల దశకంలో గోండి, కోయ, సవర వంటి భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక తరగతుల వాచకాలు తయారయ్యాయి. ప్రాథమిక దశతో ఆ భాషల పఠనం ఆగిపోతుంది. అంటే తన ఇంటి భాషలో అక్షరాలు నేర్చిన పిల్లవాడు కౌమారానికి వచ్చేసరికి ఆ భాషలో చదవడానికి దాదాపు ఏమీ మిగలదు. 1901 నాటి హైదరాబాదులో తెలుగు విద్యార్థి ఎదుర్కొన్న స్థితిని ఇప్పుడు గోండి, కోయ విద్యార్థి తెలుగు నేల మీద ఎదుర్కొంటున్నాడు.

7. ఎంపికకు ఎదురయ్యే అభ్యంతరాలు

ఈ రచనలను కౌమార పాఠకుల అరలోకి తేవడంపై మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది సాహిత్యపరమైనది: వయసు ముద్ర వేస్తే నిరసన సాహిత్యం పిల్లల కథలుగా పలచబడుతుందన్న భయం. ఈ భయం నిరాధారం కాదు. సంక్షిప్తం చేసేటప్పుడు కులం పేరు, తిట్టు, ఆకలి తొలగించి హాస్యాన్ని మాత్రమే మిగిల్చే ప్రమాదం ఉంది. పుస్తకాన్ని మార్చకుండా, ఒక ప్రతిని పెద్దల వరుసలోనూ మరొక ప్రతిని ఈ అరలోనూ ఉంచడం దీనికి సరళమైన పరిష్కారం. అర మారినంత మాత్రాన పాఠం మారనవసరం లేదు.

రెండవది నైతికపరమైనది: మాండలికం, మాంసాహార వర్ణన, కులాల పేర్లు, శరీర ప్రస్తావన ఈ వయసు వారికి తగవన్న వాదం. అయితే కులం పేరును బడి ప్రాంగణంలో వినని పిల్లవాడు లేడు. పుస్తకం దానిని మొదటిసారి వినిపించదు, దానిని గురించి ఆలోచించే అవకాశం కల్పిస్తుంది. అద్దె దుకాణపు నవలలు ఏ పర్యవేక్షణా లేకుండా అదే వయసు వారి చేతికి దశాబ్దాల పాటు అందాయన్న చారిత్రక సత్యం కూడా ఈ వాదాన్ని బలహీనపరుస్తుంది.

మూడవది అన్నిటికంటే బలమైనది, అమరికకు సంబంధించినది. దళిత సాహిత్యం, ముస్లిం సాహిత్యం, గిరిజన సాహిత్యం అని పేర్లు రాసి వేర్వేరు అరలు పెడితే గ్రంథాలయంలో కూడా ఊరూ వాడా ఏర్పడతాయి. ఎవరి అర దగ్గరికి వారే వెళ్ళే పరిస్థితి వస్తే పుస్తకం అద్దంగా మిగులుతుంది, కిటికీగా పనిచేయదు. అందువల్ల సముదాయాల పేర్లతో కాక, బడి, స్నేహం, ఇల్లు, పని, ప్రయాణం వంటి అనుభవాల పేర్లతో అమర్చడం సముచితం. ‘మాలపల్లి’, ‘దర్గామిట్ట కతలు’, ‘ఢావ్లో’ ఒకే వరుసలో నిలిచినప్పుడు ప్రతి పాఠకుడూ తన పుస్తకం కోసం చేయి చాపి పక్కవారి పుస్తకాన్ని తాకుతాడు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. తెలుగు గ్రంథాలయోద్యమాన్ని నిర్మించిన వారిలో యువకులున్నా, వారి వయసు పాఠకులకు ప్రత్యేకమైన అర ఏర్పడలేదు. భాషలోనూ సంస్థల్లోనూ ఈ వయసుకు పేరు లేకపోవడం, కేంద్రీకృత జాబితా పద్ధతి, వర్గీకరణలోని లోపం, విద్యార్థిని పోటీదారుగా మాత్రమే చూసే అలవాటు ఇందుకు కారణాలు. 1980ల తరువాతి సాహిత్యం ఈ అరకు కావలసిన పుస్తకాలను ఇప్పటికే అందించింది. గిరిజన భాషల్లో మాత్రం రచన, ప్రచురణ మొదలు నుంచి జరగవలసి ఉంది.

ఈ విషయంలో తెలుగు శాఖలకు కూడా బాధ్యత ఉంది. అస్తిత్వ సాహిత్యాన్ని సిద్ధాంత చర్చకు ఆధారంగా స్వీకరించిన పరిశోధన, అదే సాహిత్యాన్ని ఏ వయసు వారు ఎలా చదువుతారన్న ప్రశ్నను కూడా స్వీకరించవలసి ఉంది. ఒక్కొక్క జిల్లా మాండలికానికి, సముదాయానికి చెందిన బాల్య కౌమార రచనల వివరణాత్మక సూచికలు తయారైతే, ఎంపిక సంఘాలకు, శాఖా గ్రంథాలయాధికారులకు అవి నేరుగా ఉపయోగపడతాయి. బడి లేని రోజుల్లో పుస్తకాన్ని వెదుక్కున్న ఆళ్వారుస్వామి, ఆ పుస్తకాన్ని తానే మోసుకొని ఊళ్ళు తిరిగారు. అలాంటి పిల్లలు ఈనాటికీ ఇటుక బట్టీల దగ్గర, హోటళ్ళలో, వసతి గృహాల్లో ఉన్నారు. వారు శాఖా గ్రంథాలయం గుమ్మం దాకా వచ్చినప్పుడు అక్కడ ఏ పుస్తకం చేతికి అందుతుందన్నది ఈ చర్చ అంతటికీ కొలమానం.